సముద్రపు బూజు, నా గుప్పెడు మందు

మా తమ్ముడు సెలవు మీద వచ్చినప్పుడల్లా తాడిపత్రిలో రైలు దిగి, బస్సు పట్టుకుని ఊరికి చేరేవాడు. చేతిసంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం అతను తెచ్చింది బూజు. దూది కుక్కిన గాజు సీసాల్లో ఉడికించిన జొన్నలు, వాటిని కప్పేసి పచ్చగా, పొడిపొడిగా బూజు. వేడికి చచ్చిపోకుండా దారి పొడవునా సీసాలకు తడి గోనెపట్టా చుట్టి తెచ్చాడట.

మా ఆవిడ ఒక సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. "ఏమప్పా, ఊరగాయకు పడితే పారేస్తాం. దీన్ని రైలెక్కించుకోని వచ్చినావా?"

"ఇది సముద్రం బూజు వదినా. ఊరగాయలో పడేది వేరే."

తమ్ముడు కోస్తాలో ఒక కాలేజీలో సీసాలు కడిగే పనికి చేరి, అక్కడి సారు దగ్గర బూజులు పెంచడం నేర్చుకున్నాడు. ఆ సారు సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మడ చెట్ల బురదలో మోకాలి లోతున దిగి, కుళ్ళిన పుల్లలు ఏరుకొచ్చేవాడట. ఆ పుల్లల మీద బతికే బూజుల్లో కొన్ని, పైరుకు తెగులు తెచ్చే బూజుల మీద పాకి వాటిని తినేస్తాయని తమ్ముడు చెప్పాడు. గాజు పళ్ళెంలో తన కళ్ళతో చూశాడట. ఉప్పులో బతికినది మన ఎండలో బతకదా అన్నది వాళ్ళ ఆశ.

నాకు ఉప్పు అన్న మాటే గుచ్చుకుంది. "చేను చౌడు పడితే?"

"ఉప్పు ఆడనే పోయిందన్నా. ఈ జొన్నలు మంచినీళ్ళలో ఉడికించినవి."

మా ఎర్రనేలల్లో వేరుశనగ మొలకెత్తిన కొద్ది రోజులకే మొలక మొదలు మసి పూసినట్టు నల్లబడేది. పొద్దున నిలబడ్డ మొక్క సాయంత్రానికి వాలిపోయేది. అందుకని ఊరంతా విత్తనానికి పాదరసం మందు పట్టించేవాళ్ళం. బూడిదలాగా ఉండేది. కుండలో గింజలూ మందూ పోసి బాగా ఊపితే సరి. మందు పనిచేసేది. కాకపోతే చేను గట్టున రాలిన గింజలు తిని కోళ్ళు చచ్చేవి. మా చిన్నమ్మ చేతులు తోలు ఊడేవి.

చిన్నమ్మ అంటే వరసకు చిన్నమ్మ. మొగుడు పోయాక తనకున్న చిన్న చేను ఒక్కతే చేసుకునేది. గొర్రు వెనకాల నడుస్తూ, గింజలు దిగే చెక్క గిన్నెలోకి గుప్పిట్లోంచి సమంగా విత్తనం వదలడంలో ఊళ్ళో ఆమెకు పేరుంది. అందరి చేలకూ ఆమెనే పిలిచేవాళ్ళం. విత్తనాలు ముగిసేసరికి ఆమె అరచేతులు ఎర్రగా పగిలి ఉండేవి. అన్నంలో కారం కలుపుకోలేక చాలా రోజులు ఉత్త మజ్జిగన్నమే తినేది.

సీసాలు చూడడానికి ఆమె కూడా వచ్చింది. "మన ఊరికి వానే సరిగా రాదు, సముద్రం వచ్చెనా? ఇది చేతికి మండదు కదా?"

"మండదు చిన్నమ్మా. తిన్నా ఏమీ కాదు."

"నీ బూజు తినేంత కరువు ఇంకా రాలేదులే." సీసాను తిప్పి చూసి కింద పెట్టింది. "ముందు మీ చేన్లో ఒక ముక్కకు ఏయండి. ఆడ బాగొస్తే, వచ్చే ఏటికి నా చేనంతా ఇదే."

దారి పక్క ముక్క ఇస్తానని ఒప్పుకున్నాను. బెల్లం నీళ్ళతో బూజును గింజలకు ఎలా పట్టించాలో, నీడలో ఎలా ఆరబెట్టాలో చూపించి తమ్ముడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మరీ మరీ చెప్పింది ఒకటే. ఈ గింజలకు పాదరసం మందు తగలకూడదు. అది తెగులునూ చంపుతుంది, దీన్నీ చంపుతుంది.

వాన పడింది. తెల్లవారితే విత్తాలి. అతను చెప్పినట్టే గింజలకు బూజు పట్టించాను. నీడలో ఆరాక వాటిని చూస్తే పాచిపట్టి చెడిపోయిన విత్తనంలాగా కనిపించాయి. ఆ విత్తనం నిలుపుకోవడానికి మేం ఆ ఎండాకాలమంతా సంకటితో సరిపెట్టుకున్నాం. మందు డబ్బా పక్కనే ఉంది. ఒక గుప్పెడు తీసి చల్లి కలిపేశాను.

మా ఆవిడ చూసింది. "ఏం చేస్తాండావు? ఆయప్ప వద్దన్నాడు కదా?"

"రెండూ ఉంటే ఏం నష్టం?"

"అట్ల కాదని చెప్పిపోయినాడు."

"ఆయప్పకు నెల తిరిగితే జీతమొస్తాది. మనకు ఇదే."

ఆ రోజు చిన్నమ్మ వేరేవాళ్ళ చేన్లో ఉంది. మా ముక్కకు మా ఆవిడే విత్తనం వేసింది. మందు కలపడం భయంతో చేసిన పని అని చాలా ఏళ్ళు సమాధానం చెప్పుకున్నాను. భయం నిజమే. కానీ నాయన నా చేతిలో పెట్టిన చేన్లో తమ్ముడి మాట నెగ్గడం నాకు ఇష్టం లేదు. ఆ సంగతి అప్పుడూ లోపల తెలుసు.

ముక్క నిండుగా వచ్చింది. సాళ్ళలో ఎక్కడా సందు లేదు. తమ్ముడు వచ్చి, చెప్పులు గట్టున విడిచి, సాలు సాలూ తిరిగాడు. ఒక మొక్క పీకి, మొదలు గీరి, తెల్లగా ఉందని నాకు చూపించాడు. నేను చెబుదామని నోరు తెరిచేలోపు ఇంకో మొక్క పీకాడు. సారుకు చెప్పాలని మరుసటి రోజే రైలెక్కాడు.

"వచ్చే ఏడు మీ చిన్నమ్మ చేను పోతే ఏం చెప్తావు?" అని అడిగింది మా ఆవిడ.

"పోదులే."

"నీకెట్ల తెలుసు?"

నాకు తెలియదు. ఆ బూజు మా నేలలో పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం మా ఇద్దరికే తెలుసు. ఏడాది పొడవునా చిన్నమ్మ దారిలో కనిపించి "మీ ముక్క బాగొచ్చెనే" అన్నప్పుడల్లా తల ఊపాను.

మరుసటి ఏడు వాన ఆలస్యంగా పడింది. తమ్ముడు సెలవు పెట్టి వచ్చి, చిన్నమ్మ విత్తనమంతటికీ తానే బూజు పట్టించాడు. తెల్లవారి నేను ఎద్దులు తోలుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి పంచలో చాప మీద గింజలు పచ్చగా ఆరుతున్నాయి. చిన్నమ్మ కొంగు నడుముకు బిగిస్తోంది. ముందు తన చేను విత్తుకుని, తర్వాతే ఊరివాళ్ళ మందు విత్తనం ముట్టుకుంటానని అందరికీ చెప్పేసిందట.

ఇక దాచలేకపోయాను. "చిన్నమ్మా, పోయినేడు మా ముక్కకు నేను మందు కూడా కలిపినా."

తమ్ముడు తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అలాగే ఆగిపోయాడు. "ఎంత కలిపినావన్నా?"

"గుప్పెడు."

"గుప్పెడు చాలు." నా వైపు చూడకుండా, "బూజే కాపాడిందని సారుతో చెప్పేసినా," అన్నాడు.

చిన్నమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇంతకాలం యాడ పెట్టుకున్నావప్పా ఈ మాట?"

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఇప్పుడు దీనికి మందు ఏస్తే?"

"ఇది చస్తాది."

ఆమె వాకిట్లోకి దిగి కాలి వేలితో మట్టి గీసి చూసింది. తడి ఇంకా ఉంది. మధ్యాహ్నానికి ఉంటుందన్న నమ్మకం లేదు.

"సగం చేనుకు మీ ఇంట్లో మందు పట్టించిన ఇత్తనం తెచ్చియ్యి. ఆ సగం నీ పెండ్లాం ఏస్తాది. ఈ సగం నేనేస్తా. ఈసారి తెచ్చేటప్పుడు చేతులు కడుక్కోని రా."

మందు వేసిన సగం నిండుగా మొలిచింది. బూజు వేసిన సగంలో అక్కడక్కడా మొక్కలు వాలిపోయాయి. నేను భయపడినంత పోలేదు, తమ్ముడు ఆశపడినంత నిలవలేదు. తర్వాత వానలు మొహం చాటేయడంతో వేరుశనగ ఊడలు కాయ పట్టడానికి నేలలోకి దిగే వేళకు ఊళ్ళో అందరి పైరూ ఎండింది. చిన్నమ్మ తన రెండు సగాలూ తిరిగి చూసి, "సందులుండాయి, ఉండనీ. ఇది ఇత్తిన రాత్రి పచ్చిమిరపకాయల పచ్చడి చేత్తో కలుపుకోని తిన్నా," అంది.

మొదటి ఏటి మాట కొట్టేసి, రెండో ఏటిది ఉన్నదున్నట్టు చెప్పమన్నాడట సారు. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత కూడా ఏటా సీసాలు తెచ్చాడు, నేనూ ఏటా ఒక ముక్క ఇచ్చాను. అయితే గింజలు ఆరబెట్టింది మొదలు గొర్రు కట్టే దాకా అతను విత్తనం గదిలోంచి కదిలేవాడు కాదు. అన్నం కూడా అక్కడే తినేవాడు. "గదిలో చల్లగా ఉందన్నా," అనేవాడు. ఆ గదికి కిటికీ లేదు. కాళ్ళు చాపుకోను వీలుండేది కాదు. నేను మంచినీళ్ళ చెంబు తెచ్చి గడప బయటే పెట్టి వెళ్ళేవాణ్ణి.