గొడుగు కింది పెత్తనం

దగ్గరికి జరగండి. ఫోను పక్కన పెట్టండి, కాళ్లు చాపుకున్నా పర్లేదు. నలుగురి చేత పని చేయించడం ఎట్లాగో చెప్తాను. నేను నేర్చుకున్నది పొలం బురదలో, వాసన వస్తే ఓర్చుకోండి.

కోటగిరి వైపు మా ఆడవాళ్ల నాట్ల గుంపుకు ఏళ్ల తరబడి మా అత్తే పెద్ద. ఆమె మోకాళ్లు మొరాయించాక పెత్తనం మా తోడికోడలి చేతికొచ్చింది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. మంచిదే, కాదనను. కానీ పెత్తనం రాగానే బోధన్ పోయి గొడుగు కొనుక్కొచ్చింది.

మొదటి పొలం దగ్గరే ఆసామి తేల్చేశాడు.

"రేపు పొద్దుగూకేలోపు మళ్లన్నీ నాటాలె. లేకుంటె నాటు మిషనొస్తది. ఇగ ఈ దిక్కంత మిషనే. మీరు ఇంట్ల కూసోని సీరియళ్లు సూడుండ్రి."

అంటే పోయేది ఒక్క పొలం కాదు, మా గుంపు బతుకుతెరువే.

అక్క గొడుగేసుకుని ఒడ్డెక్కింది. "ఎవరు ముందుగాల ఒడ్డు చేరితె ఆళ్లకే ముందుగాల చాయ్!" అని అరిచింది. ఇక చూడండి, చాయ్ కోసం మావాళ్లు దయ్యం పట్టినట్టు నాటారు.

నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తాం. ఎవరి వంతు వరస వాళ్లది, దాన్ని మునుం అంటాం. ఒకామె వెనకబడితే, అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె వీపు వెనక నాటేసి కలిసిపోతారు. చుట్టూ పచ్చని నారు, నడుమ ఆమె, దొడ్లో కట్టేసిన బర్రెలాగా. ఇక అందరూ నవ్వడమే. ఆ రోజు ఎదురింటి వదినను అట్లాగే మూసేశారు. పైగా ఒడ్డు మీదినుంచి అక్క కూడా నవ్వింది.

వదిన చేతిలోని నారుకట్టను గొడుగు మీదికే విసిరింది.

"నవ్వుతున్నవా? దిగి నాటు, తెలుస్తది!"

అని ఇంటికి పోయింది. ఆమె వెంట ఆమె చెల్లెళ్లూ పోయారు. సగం మడి బోడిగా మిగిలింది.

సాయంత్రం అక్క ఏడుపుమొహంతో వస్తే, అత్త మంచం మీదినుంచి లేవకుండానే అడిగింది.

"వాన వచ్చిందా బిడ్డా?"

"లేదత్తా."

"మరి గొడుగెందుకే? నువ్వు దొరసానివనుకుంటున్నవా, నా కోడలివనుకుంటున్నవా?"

తెల్లారి అక్క గొడుగు ఇంట్లోనే పెట్టి వదిన గుమ్మం ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను, తిట్లలో నాకూ వాటా దొరికింది.

"నీ మునుం నేను పడ్త. నువ్వు ఒడ్డు మీద కూసోని నవ్వు," అంది అక్క.

"గా తమాషా సూడనీకైతె వస్త," అంది వదిన. చెల్లెళ్లూ ఆమె వెంటే పనిలోకి వచ్చారు.

అక్క చెయ్యి బీడీలు చుట్టడానికి అలవాటు, బురదకు కాదు. కాసేపటికే ఆమెనూ మూసేశారు. బయటపడబోయి బోర్లా పడింది. మొహం కూడా కనపడలేదు, అంతా బురదే. వదిన ఒడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే చీర ఎగ్గట్టి మడిలోకి దిగింది.

"లే, లే. నాటుడు నీతోని కాదు. నువ్వు నారు అందియ్యి."

అసలు సంగతి అక్కకు అప్పుడు తెలిసింది. వదిన మునుం దగ్గరికి నారుకట్టలు చేరడమే లేదు. పాపం, కట్టకోసం ప్రతిసారీ మడి ఆ కొసదాకా బురదలో తొక్కుకుంటూ పోయి రావాలి. గొడుగు కిందినుంచి అది కనపడితేనా! అక్క చంకన కట్టలు పెట్టుకుని అందరికీ అందించింది. ఎవరు ఆగితే వాళ్ల దగ్గరికే ఉరికింది. చాయ్ కూడా అందరికీ ఒక్కసారే పోసింది, అదీ బురద చేతుల్తోనే. తాగాం, చావలేదు.

ఆసామి వచ్చేసరికి ఎండ చెరుకు తోటల వెనక్కి దిగుతోంది, మేం ఆఖరి మడిలో ఉన్నాం.

"సాలు వంకరున్నది," అన్నాడు.

"నీ మీసం లెక్కనే ఉన్నది పటేలా," అంది వదిన.

ఆయన మీసం తడుముకున్నాడు, నవ్వాపుకున్నాడు. "సరే. పై మళ్లు గూడ మీరే నాటుండ్రి."

గొడుగు ఇప్పటికీ మాతోనే పొలానికి వస్తుంది, చాయ్ డబ్బాకు నీడగా. దాని కింద ఎవరైనా నిలబడబోతే వదిన నారుకట్ట చేతికి తీసుకుంటుంది.

మీ ఇంట్లో పెత్తనం చేసేవాళ్ల కాళ్లకు కాస్త బురద అంటాలి. మీ కుండలో బువ్వ, మీ గుమ్మంలో నవ్వు ఎన్నడూ తరగకూడదు. పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.