వంగబాకమ్మే!

మా చిన్నాయన పోయాడు. సోమవారం పొద్దున ఉదయగిరి బస్సు కండక్టరు ఆత్మకూరులో మా ఇంటిదాకా వచ్చి చెప్పాడు. "మీ చిన్నాయన పోయినాడమ్మా. నిన్ను బయల్దేరి రమ్మన్నారు." పోయిన నెలలోనే బస్సులో ఆయన చేత నానా తిట్లు తిన్న మనిషి, ఆ మాట చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

మా నాయనకు తమ్ముడాయన. పొట్టి మనిషి. పొడుగాటివాళ్ళు కనబడితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. ఎవరొచ్చినా "ముందు కూర్చోరా, తర్వాత మాట్లాడు" అనేవాడు. తాను మాత్రం వాకిలి మెట్టు మీద నిలబడే మాట్లాడేవాడు. ఒకరిద్దరు పనివాళ్ళ మీద చేయి కూడా చేసుకున్నాడు. అది తప్పే, పోయాడు కదా అని ఒప్పు చేయలేను. మా పుట్టింటి ద్వారబంధం బాగా కిందికి ఉంటుంది. "తల వంచకుండా దీన్ని దాటేది నేనొక్కణ్ణే" అని మురిసిపోయేవాడు.

చిన్నప్పుడు నన్ను వేలు పట్టుకుని బజారుకు తీసుకుపోయేవాడు. పన్నెండేళ్ళకే నేను ఆయన ఎత్తు దాటేశాను. అప్పట్నుంచీ పది అడుగులు ముందు నడిచేవాడు. ఆ వేలు కోసం నేనెంత అలమటించానో ఆయనకు తెలియదు. పక్కకొస్తాడేమోనని భుజాలు వంచుకుని నడిస్తే అదీ నేరమే. "వంగబాకమ్మే! నన్ను ఎగతాళి చేస్తుండావా?" అని కసిరేవాడు.

నా పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు మేనమామ "పిల్ల మరీ పొడుగుండాదే" అని గొణిగాడు. అంతకు ముందు రెండు సంబంధాలు ఆ మాట మీదే పోయాయి. నేను కుంచించుకుపోయాను. చిన్నాయన మెట్టు దిగాడు. అందరి ముందూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా భుజం దాకా వచ్చాడు.

"వంగబాకమ్మే" అన్నాడు మెల్లగా. తర్వాత వాళ్ళ వైపు తిరిగాడు. "ఈ పొడుగు లేకనే నేను ఊరందరితో కొట్లాడినాను. మీ ఇంటికి ఊరికే వస్తా ఉంటే వద్దంటారేంది?"

ఎవరూ నవ్వలేదు. పెళ్ళికొడుకే "నాకిష్టమే" అన్నాడు. ఇప్పుడాయన మా ఆయన. చిన్నాయన మాత్రం మరునాడు మళ్ళీ పది అడుగులు ముందే నడిచాడు.

సోమవారం ఆ వాకిలి దగ్గర నాకు వంగబుద్ధి కాలేదు. నుదురు ద్వారబంధానికి గట్టిగా కొట్టుకుంది. లోపల్నుంచి ఎవరూ కసరలేదు. బొప్పి కట్టింది. మా ఆయన మందు రాయబోతే వద్దన్నాను, ఇంకో నాలుగు రోజులు ఉండనీ అని.