కూత పెడితేనే బండి లోపలికి

గజపతినగరంలో నగరేశ్వరరావు గ్యారేజీకి ఒక రూలుంది. బండి ఏ చప్పుడు చేస్తోందో ఆ చప్పుడు ముందుగా బండి యజమాని నోటితో చేసి చూపించాలి. చూపిస్తే బండి లోపలికి. లేకపోతే బండీ, ఆసామీ ఇద్దరూ రోడ్డు మీదే.

"సప్పుడొస్తన్నాది బాబూ" అంటే ఆయన వినడు.

"ఎలగొస్తన్నాది?"

"అదే... ముందు వేపు కొంచెం గరగరగా..."

"గరగర అని సెప్పడం కాదయ్యా. గరగరలాడు."

గ్యారేజీ గుమ్మంలో ఒక ఎత్తుపీట ఉంటుంది. దాని మీద కూర్చుని, ఎదురుగా రేకు డబ్బా మీద కూర్చున్న గంగులు మేస్త్రి వైపు తిరిగి, నోరారా కూయాలి. పక్కన నగరేశ్వరరావు చేతులు కట్టుకుని, సంగీతం పరీక్షకొచ్చిన పెద్దమనిషిలా కళ్లు సగం మూసి వింటూ ఉంటాడు. నచ్చకపోతే మళ్లీ మొదటినుంచీ.

నగరేశ్వరరావుది తాతల నాటి కిరాణా వ్యాపారం. తండ్రి పోయాక కొట్టు తమ్ముడికి అప్పజెప్పేసి, గంగులుని భాగస్తుడిగా పెట్టుకుని గ్యారేజీ తెరిచాడు. ఎందుకలా అంటే, "బెల్లం మాటాడదు, సింతపండు మాటాడదు. బండి మాటాడతాది" అన్నాడు. అన్నాడే గాని, బండి ఏం మాట్లాడుతోందో ఆయనకి ఒక్క ముక్క తెలీదు. ఆ విద్యంతా గంగులుది.

ఒకసారి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు కారు బ్రేకు కీచుమంటోందని వచ్చారు. పీట చూపిస్తే ఆయనకి కోపం వచ్చింది.

"నేను హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి!"

"మరీ మంచిది మాస్టారూ. గొంతు గట్టిగా ఉంటాది. కానియ్యండి."

మాస్టారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "కీచ్... కీఈఈచ్" అన్నారు. రోడ్డవతల టీ కొట్టు సుభద్రమ్మ పకోడీల గరిటె పైకెత్తి, "మాస్టారికి నూటికి తొంబై!" అని అరిచింది. మార్కులు వేసిన మనిషికి మార్కులు రావడంతో ఆయన కోపం పోయింది. ఇంకోసారి కూశారు, అడక్కుండానే.

కిళ్లీ నములుతూ వచ్చినవాణ్ణి నగరేశ్వరరావు ఉమ్మేసి రమ్మంటాడు. రుమాలు కట్టుకున్నవాణ్ణి విప్పమంటాడు. పొడుగాటి మీసాలున్న ఒక కాంట్రాక్టరుని అయితే, "మీసం రవ్వంత పైకెత్తి పట్టుకోండి బాబూ, సప్పుడు అందులో ఇరుక్కుపోతన్నాది" అన్నాడు. అంతటి కాంట్రాక్టరూ రెండు చేతుల్తో రెండు కొసలూ ఎత్తి పట్టుకుని "డబడబడబ" అన్నాడు. ఆ రోజు చూడ్డానికి మూగిన జనానికి సుభద్రమ్మ పకోడీల పిండి చాల్లేదు.

ఊరంతా ఆయన్ని "కూతల షావుకారు" అనేది. మతి కొంచెం జారిందని మొహం మీదే అనేవాళ్లు. ఆయన నవ్వి, "జారితే జారినాది గానీ, నువ్వు కూయి" అనేవాడు.

అలాంటి పీట మీదికి ఎక్కాల్సిన గతి ఝాన్సీలక్ష్మికి పట్టింది.

ఝాన్సీలక్ష్మి ఆ ఊరి కోడలు. సాలూరు అవతల కొండ మీద ప్రతి గురువారం జరిగే సంతకి తన పాత జీపులో నౌపడ ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, సబ్బులు వేసుకుని పోయి అమ్ముతుంది. దిగేటప్పుడు అసిరమ్మ అనే రైతు దగ్గర ఆ కాలానికి పండిందేదో కొనుక్కుని వస్తుంది. ఆ దారి మామూలు బండ్లకి లొంగదు. వాన పడిందంటే ఎర్రమట్టి నెయ్యి రాసినట్టుంటుంది. ఆమె జీపుకి నాలుగు చక్రాలూ లాగుతాయి. ముందువి ఈడుస్తుంటే, వెనకవి తోస్తుంటే, ముక్కుతూ మూలుగుతూ ఎక్కేస్తుంది.

దసరా వానల్లో ఆ జీపు ముందు భాగంలోంచి ఏడుపు మొదలైంది. విజయనగరంలో ఒకతను ముందు చక్రాల బేరింగులు మార్చాడు. ఏడుపు ఆగలేదు. ఇంకొకతను కిందకి దూరి చూసి, "ముందు డిఫరెన్షియల్ మొత్తం పోయినట్టుంది. అంత పాత సామాను దొరకదు. జీపు అమ్మేసుకోండి" అన్నాడు.

జీపు అమ్మేస్తే సంత లేదు. అదే ఆలోచిస్తూ ఇంటికొచ్చేసరికి అసిరమ్మ ఫోను.

"అమ్మీ, సీతాపలాలు కళ్లిప్పేసాయి. గంపలకెత్తి కూకున్నాను. గురారం నువ్వు రాకపోతే పందులు తింతాయి. ఏటంటావు?"

"వస్తాను, వస్తాను" అంది ఝాన్సీలక్ష్మి, ఎలా వస్తుందో తెలీకుండానే.

మిగిలింది నగరేశ్వరరావు గ్యారేజీ ఒక్కటే. తనకి బదులు బియ్యం కొట్టు నడిపే భర్త భరణిని పంపుదామనుకుంది. అతను సంగతి వినగానే, "బండి నీదీ, కూతా నీదే" అని కొట్లో బియ్యం బస్తాల వెనక్కి దూరిపోయాడు.

చివరికి ఝాన్సీలక్ష్మే కొంగు మొహాన కప్పుకుని పీట మీద కూర్చుంది.

"కొంగు తియ్యమ్మా" అన్నాడు నగరేశ్వరరావు. "మొహం గంగులు వేపు. నోరు బాగా కనబడాలి. ఊఁ!"

"కుయ్" అంది ఝాన్సీలక్ష్మి, దోమ మూలిగినట్టు.

"అది జీపా, కోడిపిల్లా?"

"కుయ్య్..."

"కోడిపిల్లే. తల్లి దగ్గర్నించి తప్పిపోనాది, అంతే తేడా."

రోడ్డవతల్నించి సుభద్రమ్మ అందుకుంది. "ఓలమ్మ, ఏటే ఝాన్సీ! సంతలో ఉల్లిపాయలమ్మే గొంతు ఏటైపోనాదే?"

ఆ మాటతో ఝాన్సీలక్ష్మికి పౌరుషం వచ్చింది. సంతలో ఈ కొసన ఆమె "ఉల్లీ" అంటే ఆ కొసన పడుకున్న కుక్కలు లేచి నిలబడతాయి. ఊపిరి గట్టిగా పీల్చి, కళ్లు మూసుకుని, "ఊఁఊఁఊఁయ్య్య్య్య్య్!" అంది.

వెళ్తున్న ఆటో ఆగిపోయింది. బస్సు కండక్టరు తల బయటపెట్టి చూశాడు. సుభద్రమ్మ గరిటె నూనెలో జారిపోయింది. గంగులు మాత్రం రెప్ప వెయ్యకుండా ఆమె నోటినే చూస్తున్నాడు.

"యాక్సిలేటరు ఒదిలేస్తే?" అన్నాడు గంగులు గట్టిగా. ఆయన ఏది మాట్లాడినా గట్టిగానే మాట్లాడతాడు.

"ఊఁయ్... మ్మ్... తగ్గిపోతాది."

"మలుపులో పెరుగుతాదా?"

"లేదు బాబాయ్. మలుపైనా తిన్నగైనా ఒకటే ఏడుపు."

గంగులు లేచి చేతులు దులుపుకున్నాడు. "సక్రాల కాడ కాదు. నడిమధ్యన."

నగరేశ్వరరావు తనే మంత్రం వేసినట్టు మీసం మెలేశాడు.

ముగ్గురూ జీపెక్కి ఊరి బయటికి పోయారు. నాలుగు చక్రాలూ కలిపి నడిపితే ఏడుపే ఏడుపు. అప్పుడు గంగులు ఒక్కో ముందు చక్రం నడిబొడ్డున ఉండే తాళం తిప్పి, చక్రాలని ఇరుసు నుంచి విడిపించాడు. ఈసారి వెనక చక్రాల మీదే నడపమన్నాడు. ఏడుపు లేదు! చక్రం బేరింగే పోతే, చక్రం తిరుగుతున్నంతసేపూ ఏడవాలి. ఇప్పుడు ముందు చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి గానీ, వాటిని లాగే డిఫరెన్షియల్ లోపలి పళ్లు నిద్రపోతున్నాయి. దొంగ ఆ ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

గ్యారేజీకి తిరిగొచ్చి జీపుని ఎత్తి నిలబెట్టారు. ముందు ఇరుసు మధ్య గుమ్మడికాయలా ఉబ్బిన ఇనపడిప్పే డిఫరెన్షియల్. అడుగు బిరడా విప్పితే కారాల్సినంత ఆయిలు కారలేదు. కారిన కాస్తా వెండి కలిపిన గంజిలా మెరుస్తోంది. షాఫ్టు లోపలికి పోయే చోట సీలు చిరిగిపోయింది. ఆయిలు మెల్లిగా కారిపోయి, నూనె లేక పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని మోసే బేరింగు గుల్లబారింది. పళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

"పెద్ద రోగం కాదమ్మా" అన్నాడు గంగులు. "బేరింగూ, సీలూ. అమ్మడమెందుకు జీపుని?"

ఝాన్సీలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో, వంగి ఆ చక్రాల పళ్లు తుడుస్తున్న గంగులు వెనక్కి పోయి, "గంగులు బాబాయ్, టీ తాగుతావా?" అంది. పలకలేదు. మళ్లీ అడిగింది. పలకలేదు. ఇంతలో టీ గ్లాసులు తెస్తున్న సుభద్రమ్మ కాలికి జాకీ తగిలి, స్టీలు పళ్లెం గ్లాసులతో సహా సిమెంటు గచ్చు మీద ధన్‌మని పడింది. ఝాన్సీలక్ష్మి ఎగిరిపడింది. గుమ్మంలో కుక్క పారిపోయింది. పళ్లెం పడింది సరిగ్గా గంగులు వీపు వెనకే. ఆయన తల కూడా తిప్పలేదు. హాయిగా చక్రం పళ్లు తుడుస్తూనే ఉన్నాడు.

ఝాన్సీలక్ష్మి నోరు తెరిచి నగరేశ్వరరావు వైపు చూసింది. ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి పట్టుకోబోయి, మానేసి, "ఇలగ రా అమ్మా" అని పాత టైర్ల చాటుకి తీసుకెళ్లాడు.

"సూసేసావు కదా. ఎవుళికీ సెప్పకు తల్లీ."

"గంగులు బాబాయికి వినపడదా?"

"పెద్ద జొరమొచ్చినాది ఆడికి. తగ్గినాది గానీ సెవులు పట్టుకుపోనాది. ఎదురుగా మాటాడితే పెదాలు సూసి పోల్సుకుంటాడు. పని మానేసి పొలానికి పోతానన్నాడు. పోనిస్తానేటి? ఆడికి పోనవి సెవులు, సేతులు కాదు కదా!"

"మరి ఆ సంగతి చెప్పేస్తే సరిపోను గదా, బాబాయ్? ఈ పీటా, ఈ కూతలూ ఎందుకు?"

"సప్పుడు పట్టడానికి సెవుటోడి కాడికి ఎవుడొస్తాడమ్మా? కూత పెట్టించేననుకో, ఆడు నోరు సూస్తాడు. ఏ సప్పుడో పట్టేస్తాడు. జనం నన్ను పిచ్చోడంటారు. అననీ. నాకేటి, పిచ్చోడి గ్యారేజీకి జనం వస్తారు."

ఝాన్సీలక్ష్మి టైర్ల సందులోంచి గంగులు వైపు ఓసారి తొంగి చూసింది. మళ్లీ ఇటు తిరిగి, "ఆ కూతలేవో మీరే కూయొచ్చు కదా, మమ్మల్నెందుకు ఏడిపించడం?" అంది.

"కూసేనమ్మా! మొదట్లో నేనే కూసేను. ఇను." నగరేశ్వరరావు బుగ్గలు పూరించి, "ఇది బ్రేకు" అని ఒక చప్పుడు చేశాడు. "ఇది గేరు" అని ఇంకోటి చేశాడు. "ఇది సైలెన్సరు." మూడూ ఒకటే. పిల్లి తుమ్మినట్టున్నాయి. "ఒకాయన బ్రేకు కోసమొస్తే, నా కూత నమ్మి సైలెన్సరు ఊడబీకేసినాడు గంగులు. అప్పణ్నించీ ఎవుళి కూత ఆళ్లదే."

ఝాన్సీలక్ష్మి పడిపడి నవ్వింది. కళ్లు తుడుచుకుంది కూడా, అయితే అది నవ్వు వల్లే అని ఇప్పటికీ అంటుంది.

మర్నాడు బస్సులో బేరింగూ సీలూ వచ్చాయి. గంగులు కొత్త బేరింగు ఎక్కించాడు. పినియన్ పన్నూ, దాన్ని కరుచుకునే పెద్ద క్రౌన్ చక్రం పన్నూ ఎక్కడ కలుస్తున్నాయో చూడ్డానికి సింధూరం నూనెలో కలిపి పళ్లకి పూసి తిప్పాడు. ఒరుపు మరక పన్ను అంచున పడింది. తల అడ్డంగా ఊపి, మళ్లీ అంతా విప్పి, కాగితమంత పల్చటి రేకు ఒకటి లోపల పెట్టి, మళ్లీ బిగించి తిప్పాడు. ఈసారి మరక పన్ను నడుమ బొట్టు పెట్టినట్టు పడింది. కొత్త ఆయిలు నింపి, డిప్ప మీద అరచెయ్యి ఆనించి, నగరేశ్వరరావుని చక్రాలు తిప్పించమన్నాడు. కాసేపు అలాగే ఉండి, నిద్రపోతున్న పసిబిడ్డ మీంచి తీసినట్టు చెయ్యి తీశాడు.

గురువారం పొద్దున్నే ఝాన్సీలక్ష్మి ఉప్పు బస్తాలేసుకుని బయల్దేరింది. దారిలో జీపెలా ఉందో చూడాలని గంగులు కూడా పక్కన ఎక్కాడు. కొండ మొదట్లో వాన. ఎర్రమట్టి జారుతోంది. పెద్ద ఎక్కుడు దగ్గర నాలుగు చక్రాలూ కలిపి, దేవుళ్లందరినీ తల్చుకుని యాక్సిలేటరు నొక్కింది. జీపు ఒకసారి పక్కకి జారింది. ముందు చక్రాలు మట్టిని కరిచి పట్టుకున్నాయి. ఏడవలేదు, మూలగలేదు, ఎక్కేసింది.

పైన అసిరమ్మ గంపల పక్కన గొడుగేసుకుని కూర్చునుంది. "వచ్చీసినావేటే! పందులకి కబురంపుదామనుకుంతన్నాను" అని ఝాన్సీలక్ష్మిని కావలించుకుంది.

సంత అయ్యాక గంపలెక్కించి, ఝాన్సీలక్ష్మి, గంగులు జీపు మెట్టు మీద కూర్చుని సీతాఫలాలు తింటున్నారు. ఆమె ఎదురుగా తిరిగి, పెదాలు కనబడేట్టు, "బాబాయ్, నా కూత బాగా పనికొచ్చింది కదూ?" అంది.

గంగులు గింజలు ఉమ్మి, చుట్టూ చూసి, ఝాన్సీలక్ష్మి ఎరిగున్నంతలో మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు.

"పెదాలు సూపించి మాటాడతన్నావంటే నా సెవుల సంగతి నీకు తెలిసిపోనాదన్నమాట. ఆ కూతలు నాకక్కర్లేదమ్మా. మొదట్లో కావలిసొచ్చేవి. తరవాత తరవాత సెయ్యే సెవైపోనాది. ఇనుము మీద అరిసెయ్యి ఏస్తే ఎక్కడ నొప్పో తెలిసిపోతాది."

"మరి షావుకారు బాబాయికి చెప్పలేదేం?"

"ఎలగ సెప్పమంతావు? నా కోసం ఊరందరి సేతా పిచ్చోడనిపించుకుంతన్నాడు. ఇంక అక్కర్లేదురా అని సెప్తే ఆడి మొహం ఎలగైపోతాది? అయినా గ్యారేజీలో ఆడికొచ్చిన పని అదొక్కటే." గంగులు ఇంకో పండు విప్పాడు. "ఆడికి సెప్పకు."

ఇద్దరి రహస్యాలూ కడుపులో పెట్టుకుని ఝాన్సీలక్ష్మి కొండ దిగింది.

పొద్దు వాలేవేళకి గజపతినగరం చేరేసరికి నగరేశ్వరరావు గుమ్మంలోనే నిలబడున్నాడు.

"ఎలగున్నాదమ్మా జీపు?"

"బాగుంది బాబాయ్!"

"బాగుందంటే కుదరదు. ఎలగ బాగుందో కూసి సూపించు."

"గంగులు బాబాయ్ పొద్దుట్నించీ జీపులోనే ఉన్నాడు కదా!"

నగరేశ్వరరావు దగ్గరికొచ్చి గుసగుసగా, "ఉంటే ఏటి తల్లీ, ఆడికి తెలియాలా వద్దా?" అన్నాడు.

ఝాన్సీలక్ష్మి మారు మాట్లాడకుండా పీట ఎక్కింది. గంగులు వైపు తిరిగి, కొంగు పక్కకి నెట్టి, మూతి గుండ్రంగా చుట్టి, పాలు తాగిన పిల్లి గుర్రుపెట్టినట్టు మెత్తగా, "మ్మ్మ్మ్మ్..." అంది.

నగరేశ్వరరావు ఆత్రంగా గంగులు మొహంలోకి చూశాడు. గంగులు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనుబొమలు ముడిచి, చాలాసేపు ఆలోచించాడు.

"సరిగ్గా పడలేదు షావుకారూ" అన్నాడు గట్టిగా. "ఇంకోపాలి కూయమను."

"కూయమ్మా, కూయి!" అన్నాడు నగరేశ్వరరావు, కొండంత సంబరంతో. "గట్టిగా!"

ఝాన్సీలక్ష్మి నవ్వు ఆపుకోలేక ఊగిపోతూ మళ్లీ మూతి చుట్టింది.