యకారంతో పోరాడిన ఎల్లమ్మ టీచర్

ఎల్లమ్మ టీచర్ ఇక లేదన్న వార్త సూర్యాపేట దవాఖాన నుంచి వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. "సార్, ఖతమైంది సార్" అన్నాడు ఫోనులో ఆమె తమ్ముడు. ఏం ఖతమైందని అడిగాను. అంతటి మూఢుణ్నైపోయాను. వచ్చే నెల మలేసియా విమానం ఎక్కవలసిన మనిషిని ఒక విషజ్వరం ఎత్తుకుపోవడమేమిటి! దుఃఖం కన్నా ముందు నాకు కోపమే వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ చల్లారలేదు.

ఎరుగనివారి కోసం చెబుతాను. ఎల్లమ్మది మోతె దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం. కోదాడలో మా ప్రైవేటు పాఠశాలలో పదేళ్లుగా ఇంగ్లీషు బోధించేది. నేనక్కడ తెలుగు పండితుణ్ని. ఆంగ్లబోధన ఎలా చేయాలో పరదేశపు ఆచార్యుల సన్నిధిలో నేర్చుకోవాలన్నది ఆమె ఏకైక దీక్ష. మలేసియాలో అలాంటి శిక్షణాలయం ఉందనీ, కంప్యూటర్‌లో ముఖాముఖి పరీక్ష నెగ్గితే చేర్చుకుంటారనీ తెలుసుకుంది. "మనం పిల్లలకు ఇంగ్లీషు సెప్తలేం సార్, గైడు బట్టీ పట్టిస్తున్నం. జర సక్కగ నేర్సుకోనొచ్చి సెప్పాలె" అనేది.

అడ్డల్లా ఒక్క అక్షరం. 'ఎగ్' అనబోతే 'యెగ్గు' అని వచ్చేది. "ఈ యకారం నాకెక్కడ తగులుకుంది సార్?" అని ఒకనాడు స్టాఫ్‌రూంలో అడిగింది. "నీ ఒక్కదానికే కాదమ్మా, మనందరికీ ఉంది. వ్యాకరణంలో యడాగమమని ఒకటుంది. అచ్చుకు ముందు యకారం వచ్చి చేరడం. మన నాలుక దాన్ని ఇంగ్లీషు మీద కూడా ప్రయోగిస్తుంది. బోర్డుల మీద 'యం.ఏ.' అని రాసుకోవడం లేదూ?" అన్నాను. "నా పేర్లనే ఉంది సార్. సర్టిఫికెట్ల మీద ఎల్లమ్మ 'వై' తోటి మొదలైతది. ఇగ నాలుకకేం సిగ్గుంటది?" అని నవ్వింది.

అది మొదలు యకారం మీద యుద్ధమే. విరామం దొరికితే చాలు, ఎగ్, ఎండ్, ఎంప్టీ అంటూ జపం. "గుడ్డు అనరాదే, పరేషాన్ తప్పుతది" అందట వాళ్లమ్మ. మొండిఘటం, వింటేనా!

మిర్యాలగూడలో మా బావమరిది ఇంట్లో ఇంటర్నెట్ నిలకడగా ఉంటుందని పరీక్షకు అక్కడికే తీసుకెళ్లాను. నేను గది బయట కూర్చున్నాను. తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏమైందమ్మా?"

"ఎన్నేండ్ల అనుభవమని అడిగిండ్రు సార్. 'యియర్స్' అనాల్సిన కాడ గూడ యకారం పీకేసి 'ఇయర్స్' అన్న. పదేండ్లు కాస్త పది చెవులైనయి."

"చెవులా!"

"చెవులే సార్. మల్లడిగితే మల్ల చెవులే అన్న. నవ్విండ్రు. ఇంకా తయారై రమ్మన్నరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్లనొచ్చి మన 'నీళ్లు' పలకమనండి, చూద్దాం! ఆమే నన్ను ఊరడించింది: "కోపం జెయ్యకుండ్రి సార్. ఏది తియ్యాల్నో ఏది ఉంచాల్నో తెలువకనే గదా నేను పోవాల్సింది."

మరునాడు తన పరాభవాన్ని తరగతిలో తానే చెప్పింది. "మీ టీచరే పది చెవులున్నయని సెప్పొచ్చింది, మీకేం భయంరా, తప్పైతే కానియ్యి, మాట్లాడుండ్రి" అంది. "మేడం, రెండు చెవులు మాకిచ్చేయండి" అన్నాడొక కోదాడ పిల్లవాడు, ఇంగ్లీషులోనే. అప్పటిదాకా నోరు విప్పని పిల్లలు ఆ రోజు నుంచి మాట్లాడసాగారు.

రెండోసారి నెగ్గింది. అయితే ఏం లాభం? అసలు సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నాయి. "పదో తరగతి పరీక్షలయ్యాక వెళ్దురుగానీ, తొందరేముందండీ?" అన్నారు మా కరస్పాండెంట్. తొందరేముందట! నేను వాదించాను, బతిమాలాను, గొంతు చించుకున్నాను. ప్రయాణం తర్వాతి బ్యాచ్‌కు వాయిదా పడింది. ఆ వ్యవధి జ్వరానికి చాలింది.

కోదాడకు ఇంగ్లీషు టీచర్లు ఇంకా వస్తారు. తన తప్పును నవ్వుతూ విప్పి చూపి శిష్యుల భయాన్ని హరించిన గురుమూర్తి మళ్లీ రాదు. వయసులో చిన్నదైనా ఆమెకు ఈ ముసలి పండితుడి నమోవాకాలు.

అంత్యక్రియలయ్యాక వాళ్లమ్మ కూతురి ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సారూ, గా దేశపోళ్లు నా బిడ్డ కోసం ఎదురుసూస్తుంటరేమో. ఇగ రాదని జర ఇంగ్లీషుల సెప్పరాదు" అంది. ఫోను అందుకున్నాను. చుట్టూ చూశాను. ఎల్లమ్మ అన్నదమ్ములు, గొర్రెల కాపర్లు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పగలిగిన మనిషి మాలో ఒక్కతే ఉండేది.