కొబ్బరినూనె తాగిన రంపం మిషను

మా చిన్నాన్న పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం కన్నుమూశారు. నేను చర్చికి బయలుదేరుతుండగా కబురు వచ్చింది. మూత్రపిండాల జబ్బు. ఊరూరా ఆ జబ్బున్న మా కవిటి చుట్టుపక్కల వాళ్లకి ఆ మాట చాలు, వివరంగా రాయను. రాయాలనిపించేది రెండేళ్ల కిందటి ఒక మామూలు ఉదయం గురించి.

డిసెంబరు చలి. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య కొబ్బరి మట్టల దడి ఒక్కటే అడ్డం. ప్రార్థన ముగించి పెరట్లోకి వచ్చేసరికి చిన్నాన్న దడి అవతల చతికిలబడి ఉన్నారు. ఎదురుగా పాత పేపరు, దాని మీద చెట్లు కోసే గొలుసు రంపం మిషను.

తుఫానుకి తోటలన్నీ పడిపోయిన ఏడాది కొన్న మిషను అది. ఊళ్లో దారులన్నీ దానితోనే తెరిచారు. తర్వాత జబ్బు వచ్చి చెట్టెక్కడం, బరువులెత్తడం మానేశారు. రంపం పట్టుకునే బలం మాత్రం కొంచెం మిగిలింది. ఎవరి తోటలో కొమ్మ విరిగినా "బాబాయ్, ఓపాలి రా" అని ఆయన్నే పిలిచేవారు.

ఆ మిషనుకి నూనె కారే రోగం పట్టుకుంది. గొలుసు రాపిడికి కాలిపోకుండా తడిపే నూనె ఉంటుంది, అది. పెట్టిన చోటల్లా మడుగు.

"ఇంకొక్క సుక్క నా గచ్చు మీద పడిందా, పాత ఇనప సామాన్లోడికి ఇచ్చెత్తాను" అంది పిన్ని. పిన్ని అన్నదంటే చేస్తుంది.

చిన్నాన్న వైద్యం మొదలుపెట్టారు. మూత బిగించారు. మూత కింది వాషరు అరిగిందని సైకిల్ ట్యూబు కోసి కొత్తది వేశారు. పక్క రేకు విప్పి, గొలుసు తిరిగే బద్ద గాడిలో ఇరుక్కున్న పొట్టుని ఈనెపుల్లతో గీకారు. నూనె గొట్టం పగిలిందేమోనని నోటితో ఊది చూశారు. గొట్టం పగల్లేదు, మీసం మాత్రం తడిసింది. తుడవడం, పేపరు మీద పెట్టడం, చుక్క ఎక్కడి నుంచి పడిందో వంగి చూడడం. వారమంతా ఇదే.

"ముందు తుడు. తర్వాత సూడు. అప్పుడు తిట్టు" అనేవారు. ఇళ్లలో తగువులొచ్చి ప్రార్థన కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లకి నేను చాలాసార్లు ఆ మాటే చెప్పాను. ఎవరిదో చెప్పలేదు. అది నా తప్పు.

చివరికి నన్ను అడిగారు. "అమ్మీ, నీ పార్దనలో దీన్ని గురించి కూడా ఓ మాట అడుగు."

రోగుల తర్వాత, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల ముందు, మిషను గురించి అడిగాను. నవ్వకండి. అడగమన్న మనిషి ముఖం నేను చూశాను.

ఆ ఉదయం పేపరు పొడిగా ఉంది.

"సూసినావేటే? ఒక్క సుక్క నేదు! దేవుడు మెకానిక్కు కంటే గట్టోడు."

నేను స్తోత్రం అన్నాను. లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

వెంటనే మా పెరట్లో కూలిన జీడిమొద్దు మీద పరీక్ష. రెండు నిమిషాలు చక్కగా కోసింది. తర్వాత బద్ద మీంచి పొగ లేచింది. పొగతో పాటు బూరెలు వేగే వాసన. పిన్ని గరిటెతో సహా వచ్చేసింది.

"ఓలమ్మీ, పొద్దున్నే ఏటి వండుతున్నావు?"

"పొయ్యే ఎలిగించనేదు పిన్నీ."

ముగ్గురం మిషను వైపు చూశాం. పిన్ని మూత తిప్పి వేలు పెట్టింది. వేలికి తెల్లగా పేరుకున్న కొబ్బరినూనె వచ్చింది. ముందు రాత్రి ముదిరిన చలికి గడ్డకట్టి కారడం మానేసింది. గొలుసుకి అందడం కూడా మానేసింది.

నెల రోజులుగా వాళ్లింట్లో వంటకీ తలకీ వాడే కొబ్బరినూనె డబ్బా తరిగిపోతోంది. ఎలుకలు తాగుతున్నాయని చెప్పింది చిన్నాన్నే. బోను తెచ్చి, కొబ్బరిముక్క గుచ్చి పెట్టింది కూడా ఆయనే.

"ఇంత ఎలకని ఇంట్లో ఎట్టుకుని, నాను బోనుకి కాపలా కాసినాను గదయ్యా!"

"సొంత తోట నూనె ఉండగా బజారు నూనెందుకే? తలకి మంచిదయినది గొలుసుకి సెడ్డదవుతాదా?"

ఈలోగా ఎండెక్కింది. మొదటి చుక్క జీడిమొద్దు మీద పడింది. వెనకాలే రెండోది. ఎవరం నవ్వలేదు.

పిన్ని మిషను ఎత్తబోయింది. చిన్నాన్న దాని మీద రెండు చేతులూ వేశారు.

"ఇచ్చెయ్యి, కాదన్ను. రగతం కడగడానికి ఆసుపత్రోళ్లు ఎలాగూ పిలుత్తారు. ఇది ఉంటేనే గదే, నన్ను పనికి పిలుత్తారు."

పిన్ని మిషను వదిలేసి, గరిటె పట్టుకుని వాళ్లింట్లోకి వెళ్లిపోయింది.

నేను పలాసలో ఉన్న మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు మెకానిక్కుని అడిగి, సాయంత్రం చిక్కటి గొలుసునూనె సీసాతో వచ్చాడు. మిషనుకి ఏ రోగమూ లేదట. పలచటి నూనె పోస్తే కారక ఏం చేస్తుందన్నాడట మెకానిక్కు. కొత్త నూనె పోసి పేపరు మీద పెట్టి, దీపాలు పెట్టేవరకూ చూశాం. కారలేదు.

అప్పుడు అరుగు మీద కూర్చుని నలుగురం తేల్చుకున్నాం. మిషను ఇంట్లోనే ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లిన రోజూ, మర్నాడూ దాన్ని ముట్టుకోకూడదు. కొబ్బరినూనె డబ్బా మాత్రం మా ఇంట్లో, తాళం వేసి. కూరకి కావలసింది పిన్ని గిన్నెతో పట్టుకెళ్తుంది. చిన్నాన్న చేతికి గిన్నె ఇవ్వకూడదు. తలకి కావాలంటే రోజూ దడి దాటి వచ్చి, అరచేతిలో పోయించుకుని, నా ఎదుటే రాసుకుని వెళ్లాలి.