యాదమ్మ కుర్చీలో రెండు రోజులు

2023 జులై. మేడ్చల్‌లో నా కంప్యూటర్ సర్వీస్ షాపుకు అప్పటికి పదిహేనేళ్లు. నా చేతికి లొంగని రిపేరు లేదని గట్టిగా నమ్ముతున్న రోజులవి. గుండ్లపోచంపల్లిలో ఫినాయిల్ నింపే ఒక చిన్న ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది.

అక్కడ కంప్యూటర్ చూసుకునేది యాదమ్మ. పదేళ్లు ప్యాకింగ్‌లో నిలబడి పనిచేసి, సొంతంగా నేర్చుకుని ఆ బల్ల దగ్గరికి వచ్చిన మనిషి. తూకం మిషన్ మీద డబ్బా పెడితే బరువు కంప్యూటర్‌లోకి వచ్చి లేబుల్ ప్రింటయ్యే ప్రోగ్రాం ఒకటుంది, పైథాన్ భాషలో రాసింది. హార్డ్ డిస్క్ పోయి కొత్తది వేశాక అది నడవడం లేదు.

"శనివారం దాకా సూస్తనన్నడు మా సేటు. గప్పటికి లేబుల్ రాకపోతే చేతితోని రాసేటోళ్లను పెట్టుకుంటడట. నన్ను మళ్ల ప్యాకింగ్‌కే పొమ్మన్నడు సారు," అంది. ఆ రోజు గురువారం.

తప్పేమిటో తెర మీదే రాసి ఉంది, ఫలానా మాడ్యూల్ లేదని. మాడ్యూల్ అంటే పైథాన్‌కు అదనంగా తగిలించుకునే సామాను. తూకం మిషన్ నుంచి బరువు చదివేది ఇదే. దాన్ని నెట్ నుంచి తెచ్చి ఎక్కించే పనిముట్టు పేరు పిప్. అలవాటు కొద్దీ ముందు కొత్త పైథాన్ వేశాను. ఆదేశాలు టైపు చేసే కమాండ్ విండో తెరిచి పిప్‌తో మాడ్యూల్ ఎక్కించాను. 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని వచ్చింది. ఆ విండోలోనే పరీక్షించి, దర్జాగా బ్యాగు సర్దుకుని వచ్చేశాను. గంట తిరక్కుండానే ఫోను. తెర మీద తను రోజూ ప్రోగ్రాం తెరిచే ఐకాన్ నొక్కితే మళ్లీ అదే తప్పట.

శుక్రవారం మూడుసార్లు తీసి మూడుసార్లు ఎక్కించాను. విండోలో నడుస్తుంది, ఐకాన్ నొక్కితే నడవదు. నాకు ఒళ్లు మండింది. ఇది తేలేదాకా వేరే పని ముట్టనని షాపుకు ఫోన్ చేసి చెప్పేశాను. శనివారం పొద్దున్నే వెళ్లి, "ఫార్మాట్ కొట్టేద్దాం యాదమ్మా," అన్నాను. ఏమీ తోచనప్పుడు మా వృత్తిలో అందరం అనే మాటే అది.

"వద్దు సారు. మీకన్న ముందు రిపేరుకొచ్చినాయన గూడ గదే అన్నడు." తనే మళ్లీ అంది, "నాకో అనుమానం. మా ప్యాకింగ్‌ల రెండు లైన్లున్నయి. ఒకటో లైనుకు తేవాల్సిన మూతలు రెండో లైన్ల పోసిండ్రనుకో, ఒకటోళ్లు మూతలు లేవనే మొత్తుకుంటరు. ఈడ గిట్ల రెండున్నయా ఏంది?"

నేను ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూశాను. అది పిలుస్తున్నది నా పైథాన్‌ను కాదు, ముందొచ్చినాయన వేసినదాన్ని. వెతికితే ఆయనవే రెండు, నాదొకటి, మొత్తం మూడు దొరికాయి. నేను తెచ్చిన సామానంతా నాదాంట్లోనే పోస్తూ వచ్చాను. రెండురోజుల కిందే చూడాల్సిన సంగతి. సిగ్గేసింది.

ఐకాన్ పిలిచేదాన్ని ఉంచి, అక్కర్లేని రెండింటినీ తీసేశాను. మిగిలినదాన్ని, డిస్కులో అదున్న చోటు పూర్తి చిరునామాతో పిలిచి, దానికే మాడ్యూల్ ఎక్కించాను. ఐకాన్ నొక్కబోతుంటే యాదమ్మ ఆపింది.

"లేవుండ్రి సారు, నేను నొక్కుత."

అప్పుడు గమనించాను. వచ్చిన దగ్గర్నుంచి ఆమె కుర్చీలో నేనున్నాను, ఆమె పక్కన నిలబడే ఉంది. గబుక్కున లేచాను.

యాదమ్మ కూర్చుంది, తూకం మీద డబ్బా పెట్టింది, నొక్కింది. లేబుల్ వచ్చింది. బరువు సరిచూసి డబ్బాకు అంటించి, "ఇంకోటి తేండ్రి," అని లోపలికి కేకేసింది. సేటు వచ్చి చూసి వెళ్లాడు. సాయంత్రం దాకా ఆమె ఆ కుర్చీ దిగలేదు, చాయ్ కూడా అక్కడికే తెప్పించుకుంది.

ఇప్పుడు ఏ రిపేరైనా పూర్తయిందనిపించగానే ముందు లేచి నిలబడతాను. ఆ కుర్చీ ఎవరిదో వాళ్లను కూర్చోబెట్టి, రోజూ చేసేట్టే వాళ్ల చేత్తో చేయమంటాను. అది నడిచాకే బ్యాగు సర్దుతాను.