మాస్టారు సంతకం పెట్టిన రెండు గదులు

మేముండే బెంగాలీ ఊళ్లో, పూరీ గేట్ దగ్గరి మా తెలుగు బడిలో మాస్టారు లెక్కలు చెప్పేవారు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఐదో తరగతి కాగానే ఆడపిల్లకి ఇక చాలని నన్ను ఇంట్లో కూర్చోబెట్టబోతే, మాస్టారే మా క్వార్టరుకు వచ్చారు.

"ఈ గుంటని బడి మాన్పించకు బావా. దీని సదువు నాను సూసుకుంటాను" అన్నారు.

చూసుకున్నారు. నేను మెట్రిక్ పాసై అదే బడిలో టీచరుగా చేరానంటే ఆయన చలవే. అందుకే ఆయన మునిసిపల్ ఎన్నికల్లో నిలబడినప్పుడు, మండుటెండలో మా వార్డంతా ఇల్లిల్లూ తిరిగాను. బడిని హైస్కూలు చేయిస్తానని ఆయన మాట. గెలిచిన రోజు వర్క్‌షాపు వాళ్లు ఆయన్ని భుజాల మీద ఊరేగించారు.

రెండేళ్లు హైస్కూలు ఊసే లేదు. మూడో ఏడు, వార్డు ఆఫీసు కోసం మా బడిలో రెండు గదులు ఖాళీ చేయమని మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. కింద సంతకం మాస్టారిది. అప్పటికి ఆయన విద్యా కమిటీకి అధ్యక్షుడు.

కాగితం పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో ఇద్దరు బెంగాలీ కౌన్సిలర్లతో టీ తాగుతున్నారు.

"ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఎక్కడ కూసోబెట్టమంటారు మాస్టారూ?"

"నానేటి సేస్తానమ్మా? ఈ కౌన్సిలర్లే నాకు కమిటీ కుర్చీ ఇచ్చినారు. ఆళ్ల మాటా సూడాల గదా. సాయంత్రం పూట నడుపుకో."

నాకు ఇంకో మాటకు చోటివ్వకుండా కౌన్సిలర్ల వైపు తిరిగి, "హోయే జాబే దాదా", అంటే పనైపోతుందిలే అన్నా అని, బెంగాలీలో చెప్పి నవ్వారు.

సాయంత్రం బడికి మొదట రావడం మానేసింది ఆడపిల్లలే. ఒక పిల్ల తండ్రిని బతిమాలడానికి వెళ్లాను.

"సీకటి పడ్డాక గుంటని ఎలా పంపమంటావు తల్లీ? నువ్వైతే పంపుతావేటి?" అన్నాడు.

ఏడాది తిరక్కుండా ఆ రెండు తరగతులూ ఎత్తేశారు. తర్వాతి ఎన్నికల్లోనూ మాస్టారే గెలిచారు.

ఆయన పోయాక సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. గదుల సంగతి చెప్పాలనే లేచాను. ముందు వరుసలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆయన తెలుగు పిల్లల చదువుకే బతికారని చెప్పి కూర్చున్నాను. అందరూ బాగా మాట్లాడావన్నారు. ఆ రోజు ఆయన మీద కన్నా నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది.